ఉలిక్కిపడ్డామంటే ముందు చూడలేదన్నమాట

"ఇన్నేళ్లుగా నడుపుతున్నాను, బండికి ఇంతవరకూ చిన్న గీత కూడా పడలేదు. ఇంకా నేర్చుకోవడానికి ఏముంటుందిరా?" ఈమధ్య నేను అడ్వాన్స్‌డ్ డ్రైవింగ్ శిక్షణ, అంటే లైసెన్సు ఉన్నవాళ్లు ఇంకా బాగా నడపడం నేర్చుకునే శిక్షణ గురించి చెబుతుంటే మా బాబాయి అడిగిన ప్రశ్న ఇది. ఆయన బాధ్యత లేని మనిషి కాదు. నెమ్మదస్తులు. మందు తాగి బండి ముట్టుకోరు. స్టీరింగ్ ముందు కూర్చుంటే ఫోను బయటికి తీయరు. అందుకే ఆ మాటను నవ్వి వదిలేయలేకపోయాను. అప్పటికప్పుడు నోటికొచ్చిన జవాబేదో చెప్పాను గానీ, అది ఆయనకూ సరిపోలేదు, నాకూ సరిపోలేదు. ఆ జవాబును తీరిగ్గా రాసుకుందామని ఈ ప్రయత్నం.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. ఏళ్లు గడిచినంత మాత్రాన డ్రైవింగ్ మెరుగుపడదు. కొంతవరకు వచ్చి అక్కడే ఆగిపోతుంది, ఆగిపోయిన సంగతి మనకు తెలియదు. ప్రమాదం జరగలేదన్నది నైపుణ్యానికి చాలా బలహీనమైన రుజువు. డ్రైవింగ్ అంటే ప్రాణం అనుకునేవాళ్లు తమను తాము కొలుచుకోవాల్సింది ఎన్ని ప్రమాదాలు తప్పించుకున్నామన్న లెక్కతో కాదు, ఎన్నిసార్లు ఉలిక్కిపడ్డామన్న లెక్కతో. కాలు ఒక్కసారిగా బ్రేకు మీదకు పోయిన ప్రతిసారీ, అంతకు కొన్ని క్షణాల ముందు చూడాల్సింది ఏదో చూడలేదన్నమాటే.

రోడ్డు ఎందుకు నేర్పదు

పాట నేర్చుకునేవాడు శ్రుతి తప్పితే ఆ క్షణమే చెవికి తెలుస్తుంది, దిద్దుకుంటాడు. రోడ్డు మీద అలా జరగదు. ఎదురు కనపడని మలుపులో ఓవర్‌టేక్ చేశారనుకోండి. అటునుంచి ఎవరూ రాలేదు. మీకు మిగిలేది ఏమిటి? రెండు నిమిషాలు కలిసొచ్చాయన్న సంతృప్తి. మర్నాడు కూడా అదే చేస్తారు, మళ్లీ ఎవరూ రారు. ముందు బండికి మరీ దగ్గరగా వెళ్లడం కూడా అంతే. ఆ బండి గట్టిగా బ్రేక్ వేసే రోజు వచ్చేదాకా అది తప్పని చెప్పేవాళ్లుండరు. రోడ్డు చాలా తప్పుల్ని క్షమిస్తుంది, క్షమించిన ప్రతిసారీ ఆ తప్పును మనకు అలవాటు చేస్తుంది.

మంచి నిర్ణయం సంగతి ఇంకా అన్యాయం. ఆగి ఉన్న బస్సు వెనక నుంచి ఎవరైనా పరుగెత్తుకొస్తారేమోనని వేగం తగ్గిస్తాం. ఎవరూ రారు. ఊరికే తగ్గించామనిపిస్తుంది, వెనకవాడి హారన్ అదనం. జాగ్రత్తకు ఫలితం ఏమీ జరగకపోవడమే కాబట్టి దానికి మెచ్చుకోలు ఎక్కడినుంచీ రాదు. తప్పుకు సమయం బహుమానం, ఒప్పుకు హారన్. ఇలాంటి చోట ఇరవై ఏళ్లు గడిపితే నైపుణ్యం దానంతటదే పెరుగుతుందని నమ్మడం నాకు కష్టం.

దీనికి తోడు, మన గురించి మనకుండే అంచనా. 1981లో స్వీడన్ పరిశోధకుడు ఓలా స్వెన్సన్ విద్యార్థులను మీ డ్రైవింగ్ నైపుణ్యం ఎలాంటిదని అడిగితే, అమెరికా విద్యార్థుల్లో 93 శాతం మంది, స్వీడన్ విద్యార్థుల్లో 69 శాతం మంది తాము మధ్యస్థాయి కంటే పైనున్నామన్నారు. ఈ అంకెల్ని అందరూ నవ్వుకోవడానికి చెబుతారు. నాకు మాత్రం ఇందులో వాళ్ల గర్వం కంటే వాళ్ల నిస్సహాయత కనిపిస్తుంది. తన స్థాయి ఎంతో చెప్పే సాధనం ఏదీ చేతిలో లేనప్పుడు మనిషి ఇంకేం చెబుతాడు?

తప్పెవరిదన్న ప్రశ్న

నేర్చుకోవడానికి అన్నిటికంటే పెద్ద అడ్డు ఇది అనిపిస్తుంది నాకు. ఒకసారి స్నేహితుడు నడుపుతుంటే పక్క సీట్లో ఉన్నాను. రోడ్డు పక్కన ఆగి ఉన్న కారొకటి ఇండికేటర్ వేయకుండా ఒక్కసారిగా మా ముందుకు వచ్చింది. మావాడు గట్టిగా బ్రేక్ వేసి, హారన్ మోగించి, ఆ డ్రైవర్‌ని నాలుగు మాటలు అన్నాడు.

"చూశావా? కనీసం అద్దంలోకి కూడా చూడలేదు వాడు."

"తప్పు వాడిదే. నీకెప్పుడు కనిపించాడు?"

"బయటికొచ్చాకే కదా!"

"అంతకుముందే బ్రేక్ లైట్లు వెలిగి ఆరాయి. ముందు చక్రం మనవైపు తిరిగింది."

"అవన్నీ చూస్తూ కూర్చుంటే ఇంక నడిపేదెప్పుడురా?"

వాడి చివరి మాట చాలా నిజాయితీగా వచ్చింది. దానికి తర్వాత వస్తాను. అంతకుముందు, తప్పెవరిదన్న దాని గురించి. ఆ ప్రశ్న పోలీసులకు కావాలి, ఇన్సూరెన్సు వాళ్లకు కావాలి. కారులో కూర్చున్నవాడికి అది ఎందుకూ పనికిరాదు. పైగా "వాడిదే తప్పు" అని తేలిన మరుక్షణం మెదడు ఆ ఫైలు మూసేస్తుంది. తప్పు మనది కాదు కాబట్టి మనం మార్చుకోవాల్సింది లేదు. అలా నేర్చుకోదగ్గ సంఘటనలన్నీ ఎదుటివాడి ఖాతాలో జమ అయిపోతాయి. ఇన్నేళ్ల అనుభవం అని మనం చెప్పుకునేదాంట్లో ఎక్కువ భాగం ఇలాంటి మూసేసిన ఫైళ్లే.

దీని మీద ఒక అభ్యంతరం ఉంది, న్యాయమైనదే. ఎదుటివాళ్ల తప్పుల భారం కూడా మనమే మోయాలా? నియమం పాటించేవాడే ఇంకా ఎక్కువ జాగ్రత్తపడాలనడం ఏం ధర్మం? ధర్మం కాదు, ఒప్పుకుంటాను. చట్టం తన పని తాను చేయాలి, తప్పు చేసినవాడికి శిక్ష పడాలి. అయితే మన కారు ముందుభాగం నలిగేది ధర్మాన్ని బట్టి కాదు. నేను చెప్పేది నైపుణ్యం గురించి. నైపుణ్యం కావాలనుకున్నవాడు "నాకెప్పుడు కనిపించింది?", "అంతకంటే ముందు కనిపించే వీలుందా?" అనే రెండు ప్రశ్నలు వేసుకోక తప్పదు. రెండోదానికి "లేదు" అని జవాబు వచ్చే సందర్భాలు ఉంటాయి, నేను చూసినంతలో చాలా తక్కువ.

ఒక్క సెకను ఎంత చేస్తుంది

ముందు చూపు గొప్పదని అందరూ అంటారు. ఎంత గొప్పదో లెక్క వేసి చూసినప్పుడు నాకే ఆశ్చర్యమేసింది. హైస్కూల్ ఫిజిక్స్ చాలు. పొడి రోడ్డు, మంచి టైర్లు. బ్రేక్ గట్టిగా వేస్తే ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 7 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుందాం. ప్రమాదం కంటపడినప్పటి నుంచి బ్రేక్ పట్టుకునేదాకా ఒక సెకను. గంటకు 70 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు ఆ సెకనులో 19 మీటర్లు పోయి, తర్వాత 27 మీటర్లలో ఆగుతుంది. మొత్తం 46 మీటర్లు. అడ్డంకి సరిగ్గా అంత దూరంలో ఉంటే దాని ముందు ఆగిపోతుంది.

అదే చోట 100లో వస్తున్న కారుకు బ్రేక్ పట్టుకునేసరికే 28 మీటర్లు అయిపోయాయి. మిగిలింది 18 మీటర్లు. అడ్డంకిని గుద్దేటప్పుడు దాని వేగం ఇంకా 80 కిలోమీటర్ల పైనే ఉంటుంది. ముప్పై కిలోమీటర్ల తేడా ఒకరిని క్షేమంగా ఆపింది, ఇంకొకరిని 80లో తీసుకెళ్లి కొట్టింది.

ఇప్పుడు ఈ రెండో డ్రైవర్‌కి రెండు రకాల నైపుణ్యాలు ఇచ్చి చూద్దాం. మొదటిది చేతులది, కాళ్లది. బ్రేక్ వేయడంలో ఆరితేరి, 7 బదులు 8 మీటర్ల చొప్పున వేగం తగ్గించగలిగాడు. గుద్దే వేగం సుమారు 78కి దిగుతుంది. అంతే. రెండోది కళ్లది. బ్రేక్ మామూలుగానే వేస్తాడు, కానీ ప్రమాదాన్ని ఒక్క సెకను ముందు పసిగట్టాడు. గుద్దే వేగం 40 దగ్గరికి వచ్చేస్తుంది. వేగం సగమైతే దెబ్బలోని శక్తి నాలుగో వంతు అవుతుంది. ఇంకో అర సెకను ముందు చూస్తే అసలు గుద్దడు, అడ్డంకికి ముందే ఆగిపోతాడు.

ఇంకొకటి కూడా ఉంది. ఒక సెకను అని నేను తీసుకున్నది సగటు అంకె. ఫలానాది జరగవచ్చని ముందే అనుకుని ఉన్నవాడు ముప్పావు సెకనులోపే బ్రేక్ అందుకుంటాడు, ఏమీ ఊహించనివాడికి సెకనుంపావు నుంచి సెకనున్నర దాకా పడుతుంది. అంటే ఉలికిపాటుకు దూరం రూపంలో ధర కట్టాలి. 100 వేగంలో ఆ తేడా 15 మీటర్ల నుంచి 20 మీటర్ల దాకా ఉంటుంది.

నోటితో చెబుతూ నడపడం

సరే, ముందు చూడాలి. ఎలా నేర్చుకోవడం? "జాగ్రత్తగా చూడు" అని ఎన్నిసార్లు చెప్పినా చూపు మారదు. నాకు పనిచేసిన పద్ధతి ఒక్కటే: చూస్తున్నదాన్ని బయటికి చెబుతూ నడపడం. బ్రిటన్‌లో పోలీసు డ్రైవర్ల శిక్షణలో చాలాకాలంగా ఉన్న పద్ధతి ఇది. 1956లో అక్కడ మొదలైన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ మోటరిస్ట్స్ దీన్ని మామూలు డ్రైవర్లకు కూడా అలవాటు చేసింది. పక్క సీట్లో అబ్జర్వర్ ఒకరు కూర్చుంటారు, మీరు చెబుతూ నడుపుతారు.

నాకు నేర్పిన ట్రైనర్ గారు మొదటిరోజు స్టీరింగ్ ఎలా పట్టుకున్నానో కూడా చూడలేదు. "ఏం కనిపిస్తోందో చెప్పండి" అన్నారు. నేను మొదలుపెట్టాను: ఎదురుగా లారీ, ఎడమవైపు ఆగి ఉన్న వ్యాను, ముందు జంక్షన్. ఆయన కాసేపు విని, "ఉన్నవన్నీ చెప్పారండీ. ఇప్పుడు కనపడనివి చెప్పండి" అన్నారు. నాకు మాట పెగల్లేదు. ఆయనే అందుకున్నారు: ఆ వ్యాను ముందు ఎవరున్నారో మనకు కనపడదు. కానీ దాని కింద చూడండి, నేల మీద వెలుతురు కనిపిస్తోంది కదా, కాళ్లేమైనా అడ్డొస్తున్నాయా? డ్రైవర్ సీట్లో తల ఉందా? సైలెన్సర్ నుంచి పొగ వస్తోందా? ముందు చక్రం ఎటు తిరిగి ఉంది?

చక్రం గురించి ఆయన చెప్పింది ఇప్పటికీ నాకు రోజూ పనికొస్తుంది. పక్క రోడ్డు నుంచి వచ్చే బండి కదులుతోందా ఆగిందా అన్నది దాని బానెట్ చూస్తే వెంటనే తెలియదు. చక్రం చూస్తే తెలుస్తుంది. దొర్లే చక్రం పైభాగం బండి వేగానికి రెండింతల వేగంతో కదులుతుంది, కింద నేలను తాకిన చోటు ఆ క్షణానికి నిలిచి ఉంటుంది. బండి బెత్తెడు కదిలేలోపే చక్రం తిరగడం కంటికి ఆనుతుంది. బండిలో మనిషి మనల్ని చూశాడా లేదా అని అతని మొహం వెతకడం కంటే ఇది నమ్మకమైన ఆధారం. కళ్లు కలిసినా మనిషి చూడకపోవచ్చు, చక్రం అబద్ధం చెప్పదు.

ఆ చూసి కూడా చూడకపోవడం అన్నది మన కంటి నిర్మాణంలోనే ఉంది. చూపు ఒకచోటి నుంచి ఇంకోచోటికి గెంతేటప్పుడు, ఆ గెంతు జరిగినంతసేపూ మెదడు చూపును అణచిపెడుతుంది. జంక్షన్‌లో తల గబగబా అటూ ఇటూ తిప్పితే మధ్యలో ఉన్న మోటార్‌సైకిల్ ఆ గెంతులో పడిపోవచ్చు. అందుకే రెండు మూడు చోట్ల చూపు నిలిపి చూడమంటారు. కారు ముందు అద్దానికి పక్కనుండే స్తంభం ఇంకో ప్రమాదం. మనల్ని ఢీకొనే దారిలో స్థిరమైన వేగంతో వస్తున్న బండి ఆ ముందు అద్దంలోంచి చూస్తే ఒకేచోట నిలబడినట్టు ఉంటుంది, పెద్దదవుతూ ఉంటుంది అంతే. ఆ చోటు స్తంభం వెనకైతే చివరిదాకా కనపడదు. సీట్లో కాస్త ముందుకూ వెనక్కీ వంగి చూస్తే చాలు. ఇంత చిన్న అలవాటు లైసెన్స్ పరీక్షలో ఎక్కడా ఉండదు.

ఇప్పుడు నా స్నేహితుడి ప్రశ్నకు వస్తాను: ఇవన్నీ చూస్తూ కూర్చుంటే నడిపేదెప్పుడు? మొదట్లో వాడన్నట్టే అవుతుంది. మాట వెనకబడుతుంది, బండి ముందుకు పోతుంది. చెప్పాలన్న టెన్షన్‌లో గేరు మార్చడం కూడా మోటుగా తయారవుతుంది. రద్దీలో ఈ సాధన చేయకూడదు, ఖాళీ రోడ్డు మీద, నెమ్మదిగా, పక్కన ఎవరైనా ఉన్నప్పుడు చేయాలి. కొన్నాళ్లకు ఒక మార్పు వస్తుంది. ఏది చెప్పాలో, ఏది వదిలేయాలో నోటికి తెలుస్తుంది. నీలం కారు, పెద్ద చెట్టు అనడం ఆగిపోయి, "మలుపు అవతల చెట్ల మీద లైటు పడుతోంది, ఎదురుగా బండి వస్తోంది" అనడం మొదలవుతుంది. అక్కడికి వచ్చాక గొంతు అక్కర్లేదు, చూపు అదే దారిలో పనిచేస్తుంది. ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే విలువైనది అనిపించింది వేరు: నేను చెప్పకుండా వదిలేసింది పక్కవాళ్లకు తెలిసిపోతుంది. రోడ్డు ఇవ్వని దిద్దుబాటు పక్క సీటు నుంచి వస్తుంది.

స్కిడ్ శిక్షణ మీద సందేహాలు

అడ్వాన్స్‌డ్ డ్రైవింగ్ అనగానే చాలామంది కళ్లముందు మెదిలేది వేరే దృశ్యం: తడిపిన ట్రాక్, జారుతున్న కారు, దాన్ని తిప్పి నిలబెట్టే నేర్పు. నాకూ అదంటే చాలా ఇష్టం. టైరు గ్రిప్ అంటే ఏమిటో చేతికీ నడుముకీ తెలిసేది అక్కడే. టైరు నేలను తాకే చోటు అరచేయంతే ఉంటుంది, బ్రేక్ వేయడానికీ తిరగడానికీ అక్కడి పట్టునే పంచుకోవాలి, ఒకదానికి అంతా ఖర్చుచేస్తే రెండోదానికి మిగలదు అని పుస్తకంలో చదవడం వేరు, మలుపులో బ్రేక్ వేసి కారు నేరుగా పోవడం చూడటం వేరు.

అయినా ఈ శిక్షణ మీద నా మనసులో గట్టి సందేహముంది, అది ఊరికే పుట్టింది కాదు. 1996లో స్వీడన్‌లో నీల్స్ పెట్టర్ గ్రెగెర్సెన్ చేసిన ప్రయోగం చూడండి. కుర్ర డ్రైవర్లను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు అత్యవసరంగా బ్రేక్ వేసి అడ్డంకిని తప్పించే నైపుణ్యం నేర్పారు. రెండో గుంపుకు అలాంటి పరిస్థితిలో తమ నైపుణ్యం ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ చాలదో చూపించారు. వారం తర్వాత పరీక్షిస్తే రెండు గుంపుల పనితనంలో తేడా లేదు. కానీ మొదటి గుంపు తమ నైపుణ్యాన్ని ఎక్కువగా అంచనా వేసుకుంది. నార్వేలో 1988లో వెలువడిన అధ్యయనం ప్రకారం, కొత్త డ్రైవర్లకు జారే రోడ్డు మీద శిక్షణ ఇచ్చాక యువకుల్లో అలాంటి ప్రమాదాలు తగ్గకపోగా పెరిగాయి. 1974లో అమెరికాలో రేస్ లైసెన్సున్న డ్రైవర్ల రికార్డులను, అదే వయసున్న మామూలు డ్రైవర్ల రికార్డులతో పోల్చారు. ఫ్లోరిడా, న్యూయార్క్, టెక్సస్ రాష్ట్రాల్లో. రేస్ డ్రైవర్లకే ప్రమాదాలూ ఎక్కువ, వేగం ఉల్లంఘనలూ ఎక్కువ.

ఆ చివరిదాన్ని మరీ ఎక్కువగా నమ్మకూడదు. లెక్క మనిషికి ఇన్నని వేశారు, రేసింగ్ ఇష్టమున్నవాళ్లు ఎక్కువ దూరాలు నడిపి ఉండవచ్చు. రేసింగ్ వాళ్లను అలా మార్చిందా, అలాంటి స్వభావమున్నవాళ్లే రేసింగ్‌కు వెళ్లారా అన్నదీ తేలదు. అయినా చేతుల్లో నేర్పు పెరిగితే రోడ్డు మీద భద్రత దానంతటదే వస్తుందన్న నమ్మకానికి మాత్రం అందులో ఆధారం దొరకదు.

అలాగని ట్రాక్ శిక్షణ దండగ అనను. ఒక్కటి మాత్రం ప్రతి డ్రైవరూ నేర్చుకుని తీరాలి: పూర్తి బలంతో బ్రేక్ వేయడం. 1990లలో మెర్సిడెస్ ఇంజినీర్లు సిమ్యులేటర్‌లో గమనించిందేమిటంటే, అత్యవసర సమయంలో జనం బ్రేకు మీదకు కాలు వేగంగానే తెస్తారు, కానీ చాలినంత బలంగా తొక్కరు. దాని ఫలితంగానే 1996లో, తక్కువైన బలాన్ని తనే కలిపి తొక్కే బ్రేక్ అసిస్ట్ వచ్చింది. గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న కారులో పెడల్ కాలికింద దడదడలాడితే భయపడి కాలు తీసేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ కదలిక ఎలా ఉంటుందో, అలా తొక్కిపట్టి కూడా స్టీరింగ్ తిప్పవచ్చని ఖాళీ మైదానంలో ఒక్కసారైనా చూసుకోవాలి. దానివల్ల గర్వం పెరగదు.

మరి మజా ఎక్కడుంది?

కళ్లు, జాగ్రత్త, ఊహ అంటూ పోతే డ్రైవింగ్‌లో సరదా చచ్చిపోతుందని కొందరంటారు. నేను ఒప్పుకోను. వేగం ఇచ్చే ఆనందం త్వరగా పాతబడుతుంది, దాన్ని కొత్తగా ఉంచాలంటే ఇంకా వేగం కావాలి. నేర్పు ఇచ్చే ఆనందం వేరు.

ఘాట్ రోడ్డు మలుపులో రోడ్డు రెండు అంచులూ కలిసిపోయినట్టు కనిపించే చోటొకటి ఉంటుంది. అంతవరకే మనకు రోడ్డు కనపడుతుంది, అంతలోపే ఆగగలగాలి. మనం దగ్గరవుతున్నకొద్దీ ఆ చోటు మనవైపు దూసుకొస్తుంటే మలుపు ఇంకా బిగుసుకుంటోందన్నమాట, వేగం తగ్గించాలి. మనతోపాటే అదే దూరంలో కదులుతుంటే మన వేగం సరిగ్గా ఉంది. అది మనకంటే ముందుకు పరుగెత్తడం మొదలుపెడితే మలుపు విప్పుకుంటోంది, అప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా దిగుతుంది. ఇది పట్టుబడిన రోజు, తెలియని రోడ్డు మీద కూడా మలుపు తర్వాత మలుపు, ఒక్క బ్రేకు కుదుపు లేకుండా పోతుంది. ఎవరినీ దాటకుండా, ఏ పరిమితీ మీరకుండా దొరికే ఆ ఆనందానికి నా దృష్టిలో సాటి లేదు.

ఆగడంలోనూ అంతే కళ ఉంది. ఒకే బలంతో బ్రేక్ తొక్కిపట్టి ఆపితే, చక్రాలు నిలిచిన క్షణంలో వెనక్కి లాగే శక్తి ఒక్కసారిగా మాయమవుతుంది, కూర్చున్నవాళ్ల తల వెనక్కి ఊగుతుంది. చివరి మీటరులో పెడల్ మీద బరువు కొద్దికొద్దిగా తగ్గిస్తే కారు ఎప్పుడు ఆగిందో తెలియదు. వెనక సీట్లో నిద్రపోతున్న మా అమ్మ సిగ్నల్ దగ్గర లేవకపోతే నాకు కలిగే సంతోషం చిన్నది కాదు. ఇలా నెమ్మదిగా ఆపాలంటే చాలా ముందు నుంచే తయారవాలి, ముందు నుంచి తయారవాలంటే చాలా దూరం చూడాలి. సాఫీగా నడపడమన్నది కాళ్ల గుణంలా కనిపిస్తుంది గానీ, దాని వేళ్లు చూపులోనే ఉన్నాయి.

చరిత్రలో నాకు నచ్చిన విషయమొకటి. 1930లలో లండన్ పోలీసుల హెండన్ డ్రైవింగ్ స్కూల్లో శిక్షణకు రూపమిచ్చినవాళ్లలో ముఖ్యుడు లార్డ్ కాటెన్‌హమ్ ఒకప్పటి రేసింగ్ డ్రైవర్. ట్రాక్ మీద వేగం రుచి చూసిన మనిషి పోలీసులకు నేర్పింది ప్రశాంతతను, ఒక క్రమాన్ని. ఆ సంప్రదాయంలోంచి పెరిగిన పద్ధతిలో ఇప్పుడు వరస ఇదీ: సమాచారం, స్థానం, వేగం, గేరు, యాక్సిలరేషన్. చేతులూ కాళ్లూ చేసే పనులన్నిటి కంటే ముందుంది సమాచారం, చివరిదాకా ఆగకుండా సాగేదీ అదే.

యంత్రాలు వచ్చేశాక

కార్లే అన్నీ చూసుకుంటున్నప్పుడు ఇదంతా ఎందుకన్న ప్రశ్న కూడా వింటుంటాను. యంత్రాల మీద నాకు ఏ కోపమూ లేదు. 1978లో ఏబీఎస్, 1995లో కారు జారకుండా అదుపుచేసే ఈఎస్‌సీ కార్లలోకి వచ్చాయి. 2014 నుంచి యూరప్‌లో కొత్త కార్లన్నిటికీ ఈఎస్‌సీ తప్పనిసరి. జారుతున్న కారులో ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేక్ వేయడం ఎంత నేర్పరి కాలికైనా అసాధ్యం, కారులో ఉన్నది ఒక్కటే పెడల్. గమనిస్తే, యంత్రం మొదట తీసుకుంది చేతుల పని, కాళ్ల పని. మనం ట్రాక్ మీద చూసి చప్పట్లు కొట్టే పని. వ్యాను కింద కాళ్లు కనపడుతున్నాయా అని వెతికే పని ఇంకా మనదే. కెమెరాలూ రాడార్లూ ఆ దిశగా కూడా వస్తున్నాయి, రానివ్వండి. వాటంతటవే పడే బ్రేకులు నా కారులో ఉంటే అవి ఎప్పుడు పడ్డాయో గుర్తుపెట్టుకుంటాను. అవి పడటమంటే నేను చూడనిదాన్ని అవి చూశాయన్నమాట.

నాకు ఇంకా తెగని సమస్య తెలిసిన రోడ్డు. కొత్త దారిలో కళ్లు వాటంతటవే పనిచేస్తాయి. రోజూ వెళ్లే దారిలో మెదడు తనకు తెలిసిన బొమ్మను ముందు పెట్టేసి, వేరే ఆలోచనల్లోకి జారుకుంటుంది. ఇంటికి చేరాక, దారిలో ఏం చూశానో ఒక్కటీ గుర్తురాదు. ఎన్ని పద్ధతులు చదివినా దీనికి పూర్తి విరుగుడు నాకు దొరకలేదు. ప్రస్తుతం చేస్తున్నదల్లా, తెలిసిన దారిలో చివరి రెండు మలుపులు పైకి చెబుతూ నడపడం. బాబాయికి కూడా అదే చెప్పాలనుకుంటున్నాను. శిక్షణ, కోర్సు అనే మాటలు ఆయనకు నచ్చవు. ఈసారి కలిసినప్పుడు ఆయన కారులో పక్కన కూర్చుని, "ఇంటిదాకా ఏం కనిపిస్తుందో చెబుతూ నడపండి బాబాయ్, నేను వింటాను" అని అడుగుతాను. తర్వాత సీట్లు మారి, నేను నడుపుతూ చెబుతాను, ఆయన తప్పులు పట్టాలి.